ఇత్తడి బిళ్ళ బరువు

గుమస్తాగారికి మతి చలించిందని పక్కింటి సర్వేయరు భార్య ఇస్త్రీ అతనితో అన్నదట. ఇస్త్రీ అతను ఆ మాటను మడత నలగకుండా బట్టల మూటతో సహా తెచ్చి గుమస్తాగారి భార్యకు అప్పజెప్పాడు.

"నేనన్లేదమ్మా, ఆవిడే అంది. మీ ఆయన డాబా మీద ఇటుకలు పేర్చి, వాటి మీదకి జానెడు లారీని ఎక్కిస్తున్నాడంట. అది వెల్లకిలా పడగానే తల పట్టుకుని కూర్చుంటున్నాడంట. కూతురు చూస్తే హాస్టల్లో ఉంది, మరీయన ఎవరికోసం ఆడుతున్నట్టు అని అడిగింది."

"తల పట్టుకుని కూర్చుంటే ఎవరికేం నష్టం?" అంది ఆవిడ చొక్కాలు లెక్క చూసుకుంటూ. "వాళ్ళాయనలాగా సందు పట్టుకుని కూర్చోలేదుగా."

అక్కడికి ఆ సంభాషణ ముగిసింది గానీ, నిజం చెప్పాలంటే సర్వేయరు భార్య చెప్పినదాంట్లో అబద్ధం లేదు. గుమస్తాగారు బళ్ళో హెడ్డు గుమస్తా. భయం ఆయన పుట్టుకతో వచ్చిన గుణం. గ్యాసు కట్టేశామా అని మూడుసార్లు చూస్తాడు, గొడుగు తెచ్చుకున్న రోజున వాన పడకపోతే ఆ గొడుగు ఎక్కడ మరిచిపోతానో అని దిగులు పడతాడు. అలాంటి మనిషికి ఎనిమిది నెలల కింద రాళ్ళెక్కే బండి పిచ్చి పట్టింది.

రిమోటుతో నడిచే ఈ బండికి వేగంతో పని లేదు. నత్తలాగా పాకుతూ బండరాళ్ళ మీద, నిట్టనిలువు గట్ల మీద పడిపోకుండా ఎక్కడమే దాని విద్య. పడిపోకుండా ఉండడమే విద్య అయిన ఆట లోకంలో ఒకటుందని తెలిసినప్పుడు గుమస్తాగారికి తన కులదైవం కనబడినట్టయింది. కానీ చేతిలోకి వచ్చాక తెలిసింది, ఆ ఆటలో ఉన్నన్ని దిగుళ్ళు సంసారంలో కూడా లేవని. బరువు కిందా ముందూ ఉంటే బండి వెనక్కి పడదు. అయితే కింద బరువు కట్టినకొద్దీ పొట్ట రాయికి ఆనుకుని నాలుగు చక్రాలూ గాల్లో తిరుగుతాయి. పొట్ట పైకెత్తితే రాయి తగలదు, పక్కవాలు రాగానే బండి ఒరిగిపోతుంది. టైరు మెత్తగా ఉంటే రాయిని కరుచుకుంటుంది, బరువెక్కువైతే అదే టైరు మడత పడుతుంది. ఒకటి ఇచ్చిన చేత్తోనే ఇంకొకటి లాక్కునే యంత్రం అది.

ఈ విషయంలో ఆయనకీ బావమరిదికీ ఎనిమిది నెలలుగా పడడం లేదు. బావమరిది మోటారు సైకిళ్ళ మెకానిక్కు. వాడి బండి తేలిక, ఎత్తు. గుమస్తాగారి బండి పొట్టి, బరువు. "కింద జాగా ఉంటే ఏ రాయైనా దాటచ్చు బావా" అంటాడు వాడు. "ముందు పడకుండా ఉంటే కదరా దాటేది" అంటాడు ఈయన. వచ్చే ఆదివారం పాత క్వారీలో పందెం. కిందటిసారి మూడో రాయి దగ్గర గుమస్తాగారి బండి అందరి ముందూ వెనక్కి పల్టీ కొట్టి, చక్రాలు ఆకాశానికి చూపిస్తూ పడుకుంది. ముందు భాగంలో బరువు చాలలేదని తేలింది. ఇత్తడి బరువులకి ఆర్డరు పెట్టాడు. అవి ఇంకా దారిలోనే ఉన్నాయి.

ఇత్తడి మాత్రం ఇంట్లో ఉంది.

బళ్ళో ప్రశ్నపత్రాలు దాచే గది గొళ్ళానికి రెండు తాళాలు. ఒకదాని చెవి పెద్ద మేడం దగ్గర, రెండోదాని చెవి గుమస్తాగారి దగ్గర. రెండూ తీస్తే గాని గది తెరుచుకోదు. గుమస్తాగారి చెవి ఎక్కడా పోకుండా ఎవరో పాతకాలపు పెద్దమనిషి దానికి వేలి మందాన ఒక ఇత్తడి బిళ్ళను రివెట్టు కొట్టి బిగించాడు. నకలు చెవి పై ఆఫీసులో సీలు కవర్లో ఉంది. అది కావాలంటే అర్జీ పెట్టాలి, అర్జీలో కారణం రాయాలి. పంతొమ్మిదేళ్ళుగా గుమస్తాగారు ఆ చెవిని తలగడ కింద పెట్టుకునే పడుకున్నాడు, స్నానానికి వెళితే సబ్బు పక్కన పెట్టుకున్నాడు. అయితే ఈమధ్య దాన్ని చూసినప్పుడల్లా ఆయన కంటికి చెవి కనిపించడం మానేసి బిళ్ళే కనిపిస్తోంది. ఒకరోజు వంటింట్లో త్రాసు మీద పెట్టి చూశాడు. ఎనభై అయిదు గ్రాములు. సరిగ్గా తను ఆర్డరు పెట్టినంత.

ఆ ఉదయానికి ఆయన వేసుకున్న పథకం చాలా మామూలుది. ఏడింటికి డాబా మీద ఒక్క పరీక్ష, ఏడున్నరకి స్నానం, తొమ్మిదికి బడి, తొమ్మిదిన్నరకి గది తీయడం, పదింటికి పిల్లలకి ఏడాది చివరి పరీక్ష. భార్య ఇస్త్రీ బట్టల దగ్గర ఉండగా ఆయన చెవిని బండి మూతికి ప్లాస్టిక్ పట్టీలతో బిర్రుగా బిగించాడు.

"అదేంటండీ, ఆ చెవి అక్కడెందుకు?" అని ఆవిడ దూరం నుంచే అడిగింది.

"ఏ చెవి? ఇది వేరేది" అన్నాడు. పెళ్ళయ్యాక చెప్పిన మొదటి అబద్ధం కాదు గానీ, ఇంత బరువైనది మాత్రం అదే.

ఇటుకల మెట్టు డాబా చివర పిట్టగోడను ఆనుకుని ఉంది. చివరి ఇటుక పిట్టగోడతో సమానంగా నిలబడుతుంది. ఎనిమిది నెలల్లో ఆ ఇటుకను బండి ఒక్కసారీ ఎక్కలేదు. రిమోటు నొక్కాడు. బండి మొదటి ఇటుక ఎక్కింది, రెండోది, మూడోది ఎక్కింది, నిలువుగా ఉన్న నాలుగో దాన్ని మూతితో వాసన చూసి, ముందు చక్రాలు ఆనించి, ఒళ్ళు కూడదీసుకుని పైకి లేచింది. వెనక్కి పడలేదు. ఇత్తడి బిళ్ళ దాన్ని ముందుకు లాగిపట్టింది. గుమస్తాగారు మునివేళ్ళ మీద లేచాడు. చివరి ఇటుక! ఎక్కింది! ఆనందంలో వేలు రిమోటు మీద నుంచి తియ్యడం మరిచిపోయాడు. ఆ ఇటుక ఎక్కడం అదే మొదటిసారి కాబట్టి దాని అవతల ఏముందో ఆలోచించే అవసరం అంతకుముందు రాలేదు మరి.

దాని అవతల సందు ఉంది.

రెండిళ్ళ మధ్య ఒకటిన్నర అడుగుల వెడల్పు. అడుగున మేస్త్రీలు వదిలేసిన ఇటుక ముక్కలు, సిమెంటు గడ్డలు, అడ్డంగా సర్వేయరు ఇంటి నీళ్ళ గొట్టం. ఆ సందు తనదంటే తనదని సర్వేయరూ, గుమస్తాగారి మామగారూ కొట్టుకుంటే, పదకొండేళ్ళ కింద పెద్దమనుషులు కూర్చుని కాగితం రాశారు: తేలేవరకూ ఇరుపక్షాలవారూ ఆ సందులో కాలు పెట్టరాదు. మామగారు పోయారు, తగువు మిగిలింది. ఉద్యోగం విరమించిన సర్వేయరు వీధివైపు సందు మొదట్లో కుర్చీ వేసుకుని రోజూ పేపరు చదువుతాడు. చదవడం పేరుకే. కాపలా అసలు పని.

దభీమన్న చప్పుడుకి ఆయన పేపరు దించాడు. గుమస్తాగారు మెట్లు దిగి వచ్చేసరికి సర్వేయరు లేచి నిలబడి ఉన్నాడు.

"ఏదో పడింది గుమస్తాగారూ. మీ వైపు నుంచి."

"చిన్న బొమ్మ సర్వేయరు గారూ. ఒక్క నిమిషం లోపలికెళ్ళి తెచ్చుకుంటా."

"కాగితం గుర్తుందా?"

"గుర్తుందండీ. కానీ..."

"బొమ్మే కదా. పెద్దమనుషుల్ని సాయంత్రం పిలిపిద్దాం. వాళ్ళ సమక్షంలో తీసుకుందురుగాని."

సాయంత్రం! గదేమో తొమ్మిదిన్నరకి తీయాలి. నిజం చెప్తే సర్వేయరు భార్య చెవిన పడుతుంది, అక్కణ్ణుంచి ఇస్త్రీ బల్ల మీదికి, అక్కణ్ణుంచి పది నిమిషాల్లో పెద్ద మేడం దాకా పోతుంది. ప్రశ్నపత్రాల చెవిని బొమ్మకు కట్టి సందులో పడేసిన గుమస్తాకి మర్నాడు ఉద్యోగం ఉండదు. ఆయన మళ్ళీ డాబా ఎక్కాడు.

పైనుంచి చూస్తే బండి చక్రాల మీదే నిలబడి ఉంది. రిమోటు నొక్కితే కదిలింది! దాన్ని నడుపుకుంటూ వీధివైపు తెచ్చేస్తే సరి. మూడడుగులు పాకి, నీళ్ళ గొట్టం ఎక్కి, పొట్ట ఆనించి ఆగిపోయింది. నాలుగు చక్రాలూ గాల్లో గిర్రున తిరుగుతున్నాయి. ఎనిమిది నెలలుగా బావమరిది చెబుతున్నది ఇదే.

వాడికే ఫోను చేశాడు. ఎనిమిదింపావుకల్లా వాడు తన ఎత్తు బండితో డాబా ఎక్కి, సంగతి విని, పిట్టగోడ మీదుగా కిందికి వంగి చూశాడు.

"నేను చెప్పలా బావా, కింద జాగా ఉండాలని?"

"ఇప్పుడు కాదురా అది!"

"ఇప్పుడు కాక ఇంకెప్పుడు? కళ్ళెదురుగా కనపడుతుంటేనూ."

"పడేటప్పుడు తిన్నగా పడిందిరా. కింద బరువుండబట్టే చక్రాల మీద నిలబడింది."

"తిన్నగా ఏం కాదు, మూతి మీద పడి తర్వాత నిలబడ్డట్టుంది చూడు."

ఆ మాట గుమస్తాగారు వినిపించుకోలేదు. వినిపించుకుని ఉంటే అప్పుడే మూర్ఛపోయేవాడు. బావమరిది తన బండికి కొక్కెం తగిలించి, తాడుతో సందులోకి దించాడు. అది దర్జాగా ఇటుక ముక్కలు దాటింది, గొట్టం కూడా ఒక కాలెత్తినట్టు దాటింది. కొక్కెం తగులుకోబోయే సమయానికి పక్కనున్న సిమెంటు గడ్డ మీద ఒక చక్రం ఎక్కి, మెల్లగా, మర్యాదగా, పక్కకి ఒరిగి పడుకుంది. పడడంలో తాడు కాస్తా ఊడిపోయింది.

"చూశావా?" అన్నాడు గుమస్తాగారు. లోపల ఏడుపొస్తున్నా ఆ మాట అనకుండా ఉండలేకపోయాడు.

ఇప్పుడు సందులో రెండు బళ్ళు. రెండూ గుయ్యిమని అరుస్తున్నాయి. ఆ చప్పుడు సర్వేయరు భార్య వంటింటి కిటికీలోకి పోయింది. ఆవిడ వీధిలోకి పరుగెత్తుకొచ్చింది.

"ఏవండీ, కొంప మునిగింది! యంత్రాలు దించి సందు కొలుస్తున్నారు. ఒకటి ఆ చివర, ఒకటి ఈ చివర!"

సర్వేయరు ముఖం నల్లబడింది. ముప్పై మూడేళ్ళు ఊళ్ళు కొలిచినవాడు. యంత్రాలతో కొలిస్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు. అసలు కొలత బయటపడుతుంది. ఇంట్లోకెళ్ళి గొలుసు, టేపు, పాత కాగితం పట్టుకొచ్చాడు.

"గుమస్తాగారూ! కిందికి రండి! పెద్దమనుషుల మాట కాదని దొంగ సర్వే చేయిస్తారా?"

"సర్వే కాదండీ, ఆటబండి!"

"నాతోనా చెప్పేది? తేలిగ్గా ఉన్నది ఎత్తు చూడ్డానికి, బరువుగా ఉన్నది నేల చూడ్డానికి. ఆమాత్రం అర్థం కాదా నాకు?"

గుమస్తాగారు గడియారం చూసుకున్నాడు. తొమ్మిది. బడి దగ్గర ఈపాటికి పిల్లలు గేటు బయట పుస్తకాల్లో ఆఖరి చూపులు చూసుకుంటూ ఉంటారు. పెద్ద మేడం వరండాలో తన తాళంచెవి పట్టుకుని దారి చూస్తూ ఉంటుంది. ఆయన బావమరిదితో కిందికి దిగొచ్చి రెండు చేతులూ జోడించాడు.

"మీరేం చెప్తే అది చేస్తాను. నన్ను ఒక్కసారి లోపలికి పోనివ్వండి."

"ఏం చెప్తే అదా?"

"ఏం చెప్తే అది."

సర్వేయరు పేపరు అంచు చింపి, ఇలాంటి రోజు కోసమే పదకొండేళ్ళుగా జేబులో ఉంచుకున్నట్టున్న పెన్ను తీసి, "ఈ సందు మీద మాకు ఏ హక్కూ లేదు" అని రాసిచ్చాడు. గుమస్తాగారు చదవకుండా సంతకం పెట్టాడు. ఉద్యోగంలో ఆయన ఏనాడూ చదవకుండా సంతకం పెట్టలేదు.

తర్వాత పక్కకు తిరిగి సందులో దూరాడు. నాలుగడుగులు బాగానే పోయాడు. అయిదో అడుగులో పొట్ట ఒక గోడకీ, వీపు ఒక గోడకీ ఆనుకున్నాయి. కాళ్ళు కింద ఇటుక ముక్కల మీద జారుతూ ఉత్తినే కదులుతున్నాయి గానీ మనిషి మాత్రం కదలడం లేదు.

"బావా" అన్నాడు బావమరిది వెనక నుంచి, నవ్వు ఆపుకుంటూ. "నీ బరువు కిందా లేదు, ముందూ లేదు. మధ్యలో ఉంది."

"నోర్మూసుకుని లాగరా!"

బావమరిది చొక్కా పట్టుకుని లాగాడు. ఇస్త్రీ చొక్కా. గుండీలు రెండు ఊడాయి, మనిషి ఊడలేదు. తొమ్మిదింపావు. గుమస్తాగారికి కళ్ళముందు సస్పెన్షను కాగితం కదిలింది. దాని మీద కారణం అనే చోట ఏం రాస్తారో కూడా కనపడింది.

అప్పుడు సందు అవతలి చివర, పెరటి వైపు నుంచి, ఆయన భార్య కనిపించింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, సన్నటి మనిషి, అలవాటైన దారిలో నడిచినట్టు ఇటుక ముక్కల మీద చకచకా అడుగులేసుకుంటూ వచ్చి, రెండు బళ్ళనూ రెండు చేతులతో ఎత్తుకుంది. గొట్టం దగ్గర తల కూడా దించి చూడలేదు. ఎక్కడ అడుగెయ్యాలో ఆవిడ కాళ్ళకి తెలుసు.

సర్వేయరు నోరు తెరిచాడు. "అమ్మాయ్, నువ్వెట్లా వచ్చావక్కడికి?"

"డాబా మీద ఆరేసిన బట్టలు గాలికి ఇందులో పడుతుంటాయి బాబాయిగారూ" అంది ఆవిడ. "పదకొండేళ్ళుగా అవి ఎగిరొచ్చి దండెం ఎక్కుతున్నాయనుకున్నారా?"

సర్వేయరు కుర్చీలో కూలబడ్డాడు. చేతిలో సంతకం కాగితం ఉంది గాని, దాన్ని ఎటువైపు తిప్పి పట్టుకోవాలో ఆయనకు తోచలేదు.

"మరి నాకు చెప్పలేదేమే?" అన్నాడు గుమస్తాగారు గోడల మధ్య నుంచి.

"ఏం పోయిందో మీరు నాకు చెప్పారా? ఏ చెవి అంటే వేరేది అన్నారు" అని బండి మూతికి ఉన్న ఇత్తడి బిళ్ళను ఆయన ముఖం ముందు ఆడించింది. "ఊపిరి బయటికి వదిలి, పొట్ట లోపలికి పీల్చండి. ఒరేయ్ తమ్ముడూ, లాగు!"

మనిషి ఊడొచ్చాడు. ప్లాస్టిక్ పట్టీలు మాత్రం ఊడలేదు. పళ్ళతో కొరికినా తెగలేదు, బిగించినవాడు అంత భయస్థుడు మరి. కత్తెర వెతికే తీరిక లేక బండిని అలాగే ఒళ్ళో పెట్టుకుని బావమరిది మోటారు సైకిలు వెనక ఎక్కాడు. దారిపొడుగునా ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. దేవుణ్ణి తలుచుకుంటున్నాడేమో అనుకున్నాడు బావమరిది. ఆయన నిమిషాలు లెక్కపెట్టుకుంటున్నాడు.

బళ్ళోకి అడుగుపెట్టేసరికి పదికి పది నిమిషాలు తక్కువ. పిల్లలు బెంచీల మీద కూర్చుని ఉన్నారు. పెద్ద మేడం ప్రశ్నపత్రాల గది ముందు నిలబడి ఉంది. తన తాళం తీసేసి చాలాసేపయింది. పక్కన ముసలి అటెండరు గోడకి చేరగిలబడి ఉన్నాడు. గుమస్తాగారు గుండీల్లేని చొక్కాతో, మోచేతుల నిండా సున్నంతో, చంకలో బండితో వచ్చాడు.

"ఇదేంటండీ?"

"బండి మేడం."

"నేను తాళంచెవి కోసం చూస్తున్నా."

"అది బండి ముందు భాగంలో ఉంది మేడం."

"ఎందుకుంది?"

"బరువు చాలక మేడం" అన్నాడు గుమస్తాగారు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి మాట ఆయనకు దొరకలేదు.

బండిని రెండు చేతులతో ఎత్తి, చెవిని తాళంలో పెట్టాడు. సగం దూరింది. సగం దూరలేదు. అప్పుడు చూశాడు. మూతి బరువైన బండి మూతి మీదే పడుతుంది. మూతికి కట్టింది చెవి. అది చిటికెన వేలులాగా వంగి ఉంది. తిప్పాడు. లోపలికి నొక్కాడు. బయటికి లాగాడు. ఎటూ రాలేదు. చేతులు వదిలేస్తే, బండి తాళానికి వేలాడుతూ ఉండిపోయింది. ఆ పెనుగులాటలో జేబులోని రిమోటు నొక్కుకుపోయినట్టుంది, దాని నాలుగు చక్రాలూ నెమ్మదిగా గాల్లో తిరగడం మొదలుపెట్టాయి.

గుమస్తాగారు నేల మీద కూర్చుండిపోయాడు. "అయిపోయింది మేడం. పంతొమ్మిదేళ్ళు..."

పెద్ద మేడం గట్టి మనిషి. అటెండరు వైపు తిరిగింది. "సుత్తి పట్రా. పగలగొడదాం. ఏమైతే అయింది, పైవాళ్ళకి నేను రాసుకుంటా."

"సుత్తెందుకు మేడం" అన్నాడు అటెండరు.

వచ్చి, గొళ్ళాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, కాస్త పైకెత్తి, తనవైపు లాగాడు. చెదపట్టిన ద్వారబంధంలోంచి మేకులు వెన్నలోంచి వచ్చినట్టు వచ్చేశాయి. గొళ్ళెం, తాళం, వంగిన చెవి, ఇత్తడి బిళ్ళ, చక్రాలు తిప్పుతున్న బండి, అన్నీ కలిసి అటెండరు చేతిలోకొచ్చాయి. తలుపు తనంతట తానే తెరుచుకుంది. లోపల ప్రశ్నపత్రాల కట్టలు సీలు చెదరకుండా పేర్చి ఉన్నాయి. వాటి పక్కన శుభ్రంగా కడిగిన అన్నం క్యారేజీ, ఒక గొడుగు, ఆరేసిన తువ్వాలు.

పెద్ద మేడం ఆ తువ్వాలును కొస పట్టుకుని ఎత్తింది. "ఇదెప్పట్నుంచి?"

"పెద్ద వానలు పడ్డ ఏడాది నుంచి మేడం. బంధం పుచ్చిపోయిందని అప్పుడే రాయించి గుమస్తాగారి బల్ల మీద పెట్టా. ఆయన ఫైల్లో పెట్టారు."

గుమస్తాగారు నేల మీద నుంచే తల పైకెత్తాడు. "మరి నేను ప్రతి పరీక్షకీ పొద్దున్నే వచ్చి తీస్తున్నదేంటయ్యా?"

"మీరు తాళం తీస్తారు సార్" అన్నాడు అటెండరు, బండిని ఆయన ఒళ్ళో పెడుతూ. "తలుపు నేను తీస్తా."